మీ బండిలో నేను వేసిన వైర్లు ఒకసారి చూడాలి

నమస్తే. హనుమకొండలోని మా షాపులో ఫాగ్ లైట్లు, హారన్లు, ఛార్జర్లు, సౌండ్ సిస్టమ్‌లు పెట్టించుకున్న వాళ్లందరికీ ఈ మాట చెప్పాలి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, అయినా చివరిదాకా చదవండి. మీ బానెట్ కింద ఉన్నది నా చేతి పని.

పోయిన వానాకాలంలో పరకాల వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పికప్ బండిలో ఎరువు బస్తాలు వేసుకుని పోతుంటే బానెట్ సందుల్లోంచి పొగ వచ్చిందట. బండి పక్కకు ఆపి, పది నంబర్ పానాతో బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీశాడు. ఆయన అంత తొందరగా ఆ పని చేశాడు కాబట్టే బండి దక్కింది. మరుసటి రోజు తాడు కట్టి లాక్కొచ్చారు. చూస్తే కాలింది కంపెనీ వైరింగ్ కాదు. ఫాగ్ లైట్ల కోసం నేను బ్యాటరీ నుంచి డైరెక్ట్‌గా తీసిన ఎర్ర వైరు.

ఆ వైరుకు ఫ్యూజ్ లేదా అంటే, ఉంది. నన్ను నిద్రపోనివ్వనిది అదే. ఫ్యూజ్‌ను బ్యాటరీ దగ్గర పెట్టకుండా, మీటరు దూరంలో రిలే (స్విచ్ నొక్కితే లైట్లకు కరెంటు కలిపే చిన్న డబ్బా) పక్కన పెట్టాను. అక్కడ చెయ్యి సులువుగా పడుతుందని అలా చేశాను. ఆ మీటరు పొడవులో వైరు ఒక ఇనుప పట్టీ అంచు మీదుగా పోయింది. ఇంజన్ వణుకుకు రాపిడి పడి పడి పైన ప్లాస్టిక్ అరిగి, లోపలి రాగి బాడీకి తగిలింది. బాడీ అంటే మైనస్సే కదా. సెల్ఫ్ మోటార్‌ను తిప్పడానికి వందల ఆంపియర్లు ఇచ్చే బ్యాటరీ అది. ఆ కరెంటంతా సన్న వైరులోంచి పోయింది. షార్ట్ అయిన చోటు ఫ్యూజ్‌కు ఇవతల, బ్యాటరీ వైపు ఉంది కాబట్టి ఫ్యూజ్ చెక్కుచెదరలేదు. విప్పి చూస్తే కొత్తదానిలా ఉంది.

నోట్‌బుక్ తీసి చూశాను. ఆ పని 2024 ఫిబ్రవరిలో, మేడారం జాతరకు ముందు చేసింది. ఆ రెండు వారాల్లో 37 బండ్లకు లైట్లు, హారన్లు బిగించాను. రాత్రి రెండింటి దాకా షాపు తెరిచే ఉంది. అందరికీ పొద్దున్నే బయలుదేరాలని తొందర, నాకు ఎవరినీ కాదనలేని మొహమాటం. పొగ వచ్చిన బండి ఒక్కటే కావచ్చు, కానీ మిగతా 36 బండ్లలోనూ ఫ్యూజ్ అక్కడే ఉండి ఉంటుంది. ఆయన బండికి వైరింగ్ మొత్తం నా ఖర్చుతో మార్చాను. మిగతా అందరికీ నేనే ఫోన్లు చేస్తున్నాను. ఇప్పటికి 22 బండ్లు వచ్చాయి. వాటిలో మూడింటికి వైరు మీద అరుగుడు కనిపించింది. నంబర్లు మారిన వాళ్లు కొందరు దొరకడం లేదు, అందుకే ఇలా రాస్తున్నాను.

ఫ్యూజ్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ప్రతి వారం ఎవరో ఒకరు వచ్చి "అన్నా, ఫ్యూజ్ ఊకె పోతోంది, పెద్దది వెయ్యి" అంటారు. ఫ్యూజ్ ఉన్నది లైటును కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. 55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు కలిపితే 110 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు. దానికి నీలం రంగు 15 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతుంది. అది పోతోందంటే ఎక్కడో వైరు తగులుతోంది, లేదా లోడ్ పెరిగింది. దాని బదులు ఆకుపచ్చ 30 పెడితే ఫ్యూజ్ నిలబడుతుంది, సన్న వైరు వేడెక్కుతుంది. అప్పుడు ఆ వైరే ఫ్యూజ్ అయిపోతుంది, కాలేది అదే. ఇకమీద కారణం వెతక్కుండా పెద్ద ఫ్యూజ్ నేను వేయను. ఫ్యూజ్ తీసి వెండి కాగితం చుట్టిన బండి వస్తే, అది సరిచేయకుండా వేరే పని ముట్టుకోను.

రెండో సంగతి, బ్యాటరీ ప్లస్ బోల్టు మీద జరిగే రద్దీ. ఫాగ్ లైట్లకు ఒక లగ్గు (వైరు కొసకు బిగించే లోహపు రింగు), హారన్‌కు ఒకటి, ఛార్జర్‌కు ఒకటి, కెమెరాకు ఒకటి. ఒకే బోల్టు కింద ఆరేడు లగ్గులు పేరిస్తే ఏదీ గట్టిగా కూర్చోదు. లూజైన చోట వేడి పుడుతుంది, నీలం తెలుపు పొడి పేరుకుంటుంది, పొద్దున సెల్ఫ్ తీసుకోదు. కొత్త బ్యాటరీ కొన్నాక కూడా అదే తిప్పలని ఒక పెద్దాయన వచ్చాడు. లగ్గులన్నీ తీసి, తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక బిగించి వాజలిన్ రాశాను. బండి ఒక్క సెల్ఫ్‌కే లేచింది. ఆయన పాత బ్యాటరీ బాగానే ఉండి ఉంటుందని నా అనుమానం, అప్పటికే మార్పిడిలో ఇచ్చేశాడు.

అందుకని పని పద్ధతి మార్చాను. బ్యాటరీ ప్లస్ నుంచి మందమైన 6 స్క్వేర్ ఎంఎం వైరు ఒక్కటే బయటికి వస్తుంది. టెర్మినల్ నుంచి జానెడు లోపే దానికి 30 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజ్ ఉంటుంది. ఆ వైరు ఇంజన్ వేడికి దూరంగా, నీళ్లు పడని చోట బిగించిన ఫ్యూజ్ బాక్సులోకి పోతుంది. అక్కడి నుంచి ఒక్కో వస్తువుకు ఒక్కో ఫ్యూజ్, లైట్లకూ హారన్‌కూ వేర్వేరు రిలేలు. పెద్ద ఆంప్లిఫయర్‌కు మాత్రం దాని సొంత లావు వైరు, బ్యాటరీ దగ్గరే సొంత ఫ్యూజ్ ఉండాలి. దాన్ని ఈ బాక్సులో కలపను.

బాక్సుకు కరెంటు తాళం చెవి తిప్పితేనే వచ్చేలా పెడుతున్నాను. బండి ఆపినా నడిచే కెమెరా అర ఆంపియర్ లాగితే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్న కారు రెండు రోజులు ఇంటి ముందు ఉంటే మూడో రోజు సెల్ఫ్‌కు సత్తా ఉండకపోవచ్చు.

మైనస్ వైర్లు కూడా బ్యాటరీ మీద పేర్చను. రంగు గీకి శుభ్రం చేసిన బాడీ బోల్టుకు ఇస్తాను. ఇప్పటి కార్లు కొన్నింటిలో మైనస్ టెర్మినల్ మీద కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది. నేరుగా బ్యాటరీ మైనస్‌కు కలిపితే మన వస్తువులు లాగే కరెంటు దాని లెక్కలోకి రాదు.

మెలి తిప్పి టేప్ చుట్టడం మానేశాను. మన ఎండలకు, ఇంజన్ వేడికి మే నెల వచ్చేసరికి జిగురు కరిగి టేప్ ఊడివస్తుంది. ప్రతి జాయింటుకూ క్రింపింగ్ (లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కి బిగించడం), పైన స్లీవ్ తొడుగు, వైరు పొడుగునా ముడతల పైపు. ప్రతి వైరు మీదా పేరు రాస్తున్నాను, రేపు ఏ ఊళ్లో ఏ మెకానిక్ బానెట్ ఎత్తినా అర్థం కావాలి. వైరింగ్ బొమ్మ కాగితం మీద గీసి మీకే ఇస్తాను.

ఇక ధర. ఇంతకుముందు లైట్లు బిగిస్తే కూలీ 500 తీసుకునేవాణ్ని, గంటలో అయిపోయేది. ఇప్పుడు బాక్సు, మెయిన్ ఫ్యూజ్, రిలేలు, వైరు, కూలీ కలిపి 2,200 అవుతుంది, సగం పూట పడుతుంది. లైట్ల ఖరీదు వేరు. ఇంకో చోట 500కే చేస్తారని మీరు చెబితే అది నిజమే, మొన్నటిదాకా నేనూ చేశాను. కానీ ఆ ధరకు ఈ పని నా వల్ల కాదు. రోజుకు రెండు బండ్లే ఒప్పుకుంటాను. జాతర ముందు రోజు రాత్రి వచ్చి కొత్త లైట్లు పెట్టమంటే పెట్టను, ఎంత దగ్గరివాళ్లయినా సరే. రెండు వారాల ముందు రండి, తప్పకుండా చేస్తాను.

పాత పనికి మాత్రం డబ్బులు తీసుకోను. నేను వేసిన వైరింగ్ ఏ సంవత్సరానిదైనా సరే, ఫ్యూజ్‌ను బ్యాటరీ దగ్గరికి మార్చి, అరిగిన వైరు ఉంటే కొత్తది వేసి ఇస్తాను. మొత్తం బాక్సు పద్ధతికి మారాలనుకుంటే సామాన్ల ఖర్చు ఇవ్వండి, కూలీ వద్దు. ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున 10 లోపు వస్తే ఆ రోజే అయిపోతుంది.

వచ్చేలోపు మీరే ఒకసారి బానెట్ ఎత్తి చూడండి. ప్లస్ నుంచి బయలుదేరిన అదనపు వైరును పట్టుకుని వెళ్లండి. జానెడు దూరంలో ఫ్యూజ్ కనిపించకపోతే ఆ వైరును ప్లస్ నుంచి విప్పేసి, కొసకు టేప్ చుట్టి పక్కన కట్టేయండి. విప్పేముందు మైనస్ టెర్మినల్ తీయాలి, అన్నీ అయ్యాక చివర్లో పెట్టాలి. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే పానా బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. భయమేస్తే ముట్టుకోకండి, షాపుకు ఫోన్ చేయండి, దగ్గరి ఊరైతే నేనే వస్తాను.

నా దగ్గర వైరింగ్ చేయించుకున్నాక బండి అమ్మేసినవాళ్లు ఉంటే, కొన్నవాళ్లకు ఈ సంగతి చెప్పండి. వాళ్లు నాకు తెలియకపోయినా ఫర్వాలేదు, వాళ్ల బండీ ఊరికే చూసి ఇస్తాను.