వానకాలంలో పట్టేసే తలుపులకు ఇకపై వెంటనే చిత్రిక పట్టము

హనుమకొండలోని మా వడ్రంగి దుకాణంలో తలుపులు చేయించుకున్నవారికీ, బాగు చేయించుకున్నవారికీ ఒక విషయం చెప్పవలసి ఉంది. గత ఏడాది ముసురు రోజుల్లో తలుపులు పట్టేస్తున్నాయని పిలిచిన ఇళ్ళకు వెళ్ళి, మరో ఆలోచన లేకుండా అంచులకు చిత్రిక పట్టి వచ్చాము. ఏప్రిల్‌లో చెక్క ఎండిపోయాక, అవే తలుపులకు పెన్సిలు దూరేంత సందు వచ్చిందని కొందరు మళ్ళీ పిలిచారు. ఆ తప్పు పూర్తిగా మాదే.

చెక్క గాలిలోని తేమను పీల్చుకున్నప్పుడు పొడవులో దాదాపు మారదు, వెడల్పులోనే ఉబ్బుతుంది. తలుపుకూ ద్వారబంధానికీ మధ్య మేము వదిలే సందు 3 మిల్లీమీటర్లే కాబట్టి, ఆ కాస్త పెరిగినా తలుపు బిగుసుకుంటుంది. టేకు మిగతా కలప కంటే తక్కువ ఉబ్బుతుందే గాని, అసలు ఉబ్బకుండా ఉండదు.

ఇకపై ముందుగా మడతబందులు చూస్తాము. పై బందు మరలు వదులైతే తలుపు వాలి, గడియ వైపు పై మూల బంధానికి రాసుకుంటుంది. అలాంటప్పుడు పాత రంధ్రంలో టేకు పుల్లను జిగురుతో దిగ్గొట్టి మరలు తిరిగి బిగిస్తే సరిపోతుంది, చెక్కను తాకవలసిన పనే ఉండదు. తలుపు నిజంగా ఉబ్బితే, బంధానికి సుద్ద రాసి తలుపు వేసి, సుద్ద అంటిన చోటు గుర్తుపెట్టి వస్తాము. వీధి తలుపు గడియ పడకపోతే మాత్రం ఆ గుర్తు మేరకే కాస్త గీస్తాము. మిగిలిన పని సంక్రాంతి తర్వాతే. వానకాలంలో మాకు రాబడి తగ్గుతుందని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాము.

మరొక లోపం కూడా మా దృష్టికి వచ్చింది. స్టూలు ఎక్కి తలుపు పై అంచును వేలితో తడిమితే, చాలా ఇళ్ళలో దుమ్ము కింద గరుకైన పచ్చి చెక్కే తగిలింది. ఎవరికీ కనబడదని అక్కడ వార్నిష్ వేయకుండా వదిలేస్తారు. నిలువు కమ్ముల కొసలు తెరుచుకుని ఉండేది అక్కడే కనుక, తేమ అక్కడినుంచే వేగంగా లోపలికి దిగుతుంది. కింది అంచు కూడా అంతే. కొత్త తలుపులకు బిగించే ముందే ఆరు వైపులా వార్నిష్ వేస్తున్నాము.

గత ఏడాది మేము చిత్రిక పట్టినందువల్ల సందు పడిన తలుపులకు, చెక్క ఎండాక టేకు పట్టీ అతికి సరిచేస్తాము. దానికి కూలి గాని, సామాను ఖర్చు గాని తీసుకోము. అంతవరకు అంచులను మీరు గీయించవద్దని మనవి.