బస్సు ఛార్జీకి పద్దు లేని పథకాలు

సంపాదకుల వారికి, నమస్కారం.

ఆఫ్రికా దేశాల యువతకు డిజిటల్ నైపుణ్యాల్లో మన దేశం అందించదలచిన సహకారం గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వార్త చదివాను. కంప్యూటర్లు, శిక్షణ తరగతుల వివరాలు అందులో ఉన్నాయి గానీ, శిక్షణ ముగిసిన పిల్లలు ఆ తరువాత ఎక్కడ కలుసుకుంటారు, ఆ చోటికి అద్దె ఎవరు కడతారు అన్న ప్రస్తావన లేదు. హైదరాబాదు మందుల కంపెనీ ఒకదాని తరఫున కెన్యా రాజధాని నైరోబీలో తొమ్మిదేళ్లు పనిచేసి, శనివారాల్లో అక్కడి ఒక యువజన కంప్యూటర్ కేంద్రానికి చేతనైన సాయం చేసి వచ్చినవాణ్ణి గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సాంకేతికతను ప్రజల అవసరాలకు వాడుకోవడం ఆఫ్రికా యువతకు బయటివాళ్లు వెళ్లి నేర్పిన విద్య కాదు. 2007 డిసెంబరు ఎన్నికల తరువాత కెన్యాలో హింస చెలరేగి, టీవీ ప్రత్యక్ష ప్రసారాలను ప్రభుత్వం నిషేధించినప్పుడు, ఎక్కడేం జరుగుతున్నదో సామాన్యులు ఫోను నుంచి చిన్న సందేశం పంపితే దాన్ని మ్యాపు మీద గుర్తించే ‘ఉషాహిది’ అనే వేదికను ఓరీ ఒకోలో, ఎరిక్ హెర్స్‌మన్, జూలియానా రోటిచ్, డేవిడ్ కోబియా ప్రభృతులు 2008 జనవరిలో కొద్ది రోజుల్లోనే నిలబెట్టారు. స్వాహిలీలో ఆ మాటకు సాక్ష్యం అని అర్థం. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు సహాయక బృందాలకు ఇదే వేదిక అక్కరకు వచ్చింది. అంత తక్కువ వ్యవధిలో అది తయారు కావడానికి కారణం, వారిలో చాలామంది బ్లాగులు రాసుకుంటూ అప్పటికే ఒకరినొకరు ఎరిగి ఉండడమేనని నా అభిప్రాయం. ఆ పరిచయాలకు ఒక నీడ ఉండాలన్న ఆలోచనతోనే 2010 మార్చిలో నైరోబీలో ‘ఐహబ్’ అనే యువ సాంకేతిక నిపుణుల ఉమ్మడి కేంద్రం వెలిసింది. అంతకు ముందు ఏడాదే సముద్రగర్భ కేబుళ్లు కెన్యాలోని మొంబాసా తీరానికి చేరి, ఉపగ్రహాల ద్వారా వచ్చే ఖరీదైన ఇంటర్నెట్ మీద ఆధారపడే అవస్థ తగ్గింది గనుక కాలం కూడా కలిసివచ్చింది.

మేము పనిచేసిన కేంద్రానికి అంత పేరు లేదు. రేకుల కప్పు కింద ఒక గది, రెండు పొడవాటి బల్లలు, ఏడు పాత కంప్యూటర్లు, అంతే. ఒక సహాయ సంస్థ వారు వచ్చి ఇరవై ట్యాబ్లెట్లు ఇచ్చి, గోడ మీద తమ పేరు రాయించి, ఫోటోలు తీసుకుని వెళ్లారు. వాటిలోని పాఠాలు ఇంటర్నెట్ ఉంటే తప్ప తెరుచుకోవని తరువాత తెలిసింది. డేటా రీఛార్జికి ఎవరి దగ్గరా డబ్బు లేదు. అప్పటికే గది అద్దె మూడు నెలలు బకాయి పడి ఉంది. ఆ సంస్థ వారి దరఖాస్తు ఫారంలో పరికరాలకు ఒక గడి, శిక్షకులకు ఒక గడి, ముగింపు సభకు కూడా ఒక గడి ఉన్నాయి. అద్దెకు లేదు. రోజూ తాళం తీసి, గది ఊడ్చి, రానివారికి ఫోను చేసి పిలిచే అమ్మాయికి జీతం ఇవ్వడానికి అసలే లేదు. నన్నడిగితే మా కేంద్రాన్ని నడిపింది ఆ అమ్మాయే.

బాగా చురుకైన కుర్రాడొకడు మూడు వారాలు వరసగా రాకపోతే వాడికి ఆసక్తి పోయిందనుకున్నాను. ఒకరోజు దారిలో కనిపిస్తే అడిగాను. “మ్జే, వాన పడితే మటాటూ వాళ్లు ఛార్జీ పెంచేస్తారు. రావడానికి డబ్బులుంటాయి, తిరిగి వెళ్లడానికి ఉండవు” అన్నాడు. మ్జే అంటే అక్కడ పెద్దవాళ్లను పిలిచే మాట. మటాటూ మన షేర్ ఆటోకు అన్నయ్య లాంటి చిన్న బస్సు. అది వానాకాలం. ఆడపిల్లల సంగతి మరొక విధం. చీకటి పడ్డాక వాళ్లను ఇంటి నుంచి పంపరు. సాయంత్రపు తరగతిని శనివారం ఉదయానికి మార్చాక గానీ వాళ్ల కుర్చీలు నిండలేదు. దానికి రూపాయి ఖర్చు కాలేదు, అయినా ఆ ఆలోచన మాకు రావడానికి ఏడాది పట్టింది.

నిధులిచ్చేవారు తలచినది ఒకటైతే జనం వాడుకునేది మరొకటి కావడం అక్కడ కొత్త కాదు. ఎమ్-పెసా అనే ఫోను డబ్బు సేవను మొదట చిన్న రుణాల వాయిదాలు ఫోను ద్వారా కట్టించుకోవడానికి బ్రిటన్ ప్రభుత్వ నిధుల సాయంతో ప్రయోగించి చూశారు. ప్రయోగంలో పాల్గొన్నవారు దానితో ఒకరికొకరు డబ్బు పంపుకోసాగారు. 2007 మార్చిలో కెన్యా ఫోను కంపెనీ సఫారీకామ్ దాన్ని డబ్బు పంపుకునే సేవగానే విడుదల చేసింది. (పెసా మన పైసాకు చుట్టమే, హిందూ మహాసముద్రపు వర్తకులతో అటు చేరిన మాట.) నైరోబీలోని కిబేరా మురికివాడ 2009 దాకా మ్యాపుల్లో ఇంచుమించు ఖాళీ జాగాగానే ఉండేది. అక్కడి యువతీ యువకులే జీపీఎస్ పరికరాలు పట్టుకుని సందుసందూ తిరిగి, నీళ్ల కుళాయిలు, మరుగుదొడ్లు, బడులు, మందుల దుకాణాలు ఎక్కించి మ్యాపు గీశారు. ఏవి ఎక్కించాలో నిర్ణయించడంలో వాళ్ల మాట చెల్లింది గనుకనే, ఆ తరువాత వాడ వార్తలను వీడియోలుగా తీసే పనికి కూడా వాళ్లే పూనుకున్నారు.

దీనికి విరుద్ధంగా జరిగింది ఉగాండాలో. ఆరోగ్య రంగంలో ఫోన్ల ద్వారా సేవలందిస్తామంటూ వచ్చిన ప్రతి సంస్థా తన ప్రయోగం తాను మొదలుపెట్టడంతో, ఒకదానితో ఒకటి పొత్తు లేని ప్రయోగాలు పేరుకుపోయి, 2012 జనవరిలో అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖే కొత్త వాటిని ఆపివేయమని ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది.

మన దేశం కూడా 2009లో పాన్ ఆఫ్రికన్ ఈ-నెట్‌వర్క్ ప్రారంభించి, ఉపగ్రహం ద్వారా పాఠాలు, వైద్య సలహాలు అనేక దేశాలకు అందించింది. మంచి పనే. అయితే దాని స్వరూపం ఇక్కడి నుంచి అక్కడికి పాఠం పంపడం. ఉగాండా రాజధాని కంపాలాలోని విద్యార్థికి జాంబియా రాజధాని లుసాకాలోని విద్యార్థితో పరిచయం కలిగించడం దాని ప్రధానోద్దేశం కాదు. ఆ పని 2011లో ఐహబ్ వంటి ఐదు కేంద్రాలు కలిసి ఏర్పరచుకున్న ‘ఆఫ్రిల్యాబ్స్’ అనే సమాఖ్య చేస్తున్నది. నేడు అందులో 50కి పైగా దేశాల నుంచి వందలాది కేంద్రాలు ఉన్నాయి. 2019లో నైరోబీ ఐహబ్‌ను సొంతం చేసుకున్నది కూడా నైజీరియా నగరం లాగోస్‌లోని సీసీ హబ్ అనే ఆఫ్రికా సంస్థే. మనం కొత్త భవనాలు కట్టి కొత్త పేర్లు పెట్టే బదులు, ఇప్పటికే నిలిచి ఉన్న ఇటువంటి వారి వెనుక నిలబడడం మేలు.

మా గది నిలబడింది ట్యాబ్లెట్ల వల్ల కాదు. పిల్లలు ఫోన్లు బాగుచేస్తూ, ఉద్యోగ దరఖాస్తులు టైపు చేసి ప్రింటు తీసి ఇస్తూ ఆ అద్దె బకాయి తీర్చారు. నేను తిరిగి వచ్చేనాటికి ఆ ఇరవై ట్యాబ్లెట్లు బీరువాలోనే ఉన్నాయి. ఈ సహకార ఒప్పందంలో కేంద్రాల అద్దెకు, సమన్వయకర్త జీతానికి, పిల్లల దారి ఖర్చులకు కనీసం ఐదేళ్ల పాటు పద్దు ఉన్నదో లేదో విదేశాంగ శాఖను అడిగి, వారిచ్చే జవాబును మీ పత్రికలో ప్రచురించవలసిందిగా నా మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
కూకట్‌పల్లి, హైదరాబాదు