ఆపద వేళ బడిలో కౌన్సిలర్ పని

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసింది. మా ఉన్నత పాఠశాల తిరిగి తెరిచాక, తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు గాలి కాస్త విసురుగా వీస్తే చాలు, పాఠం మధ్యలో లేచి వెళ్లి కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టేవాడు. క్రమశిక్షణ లేదని నేను వాడిని కసిరాను. అది భయమని నాకు చెప్పడానికి బడిలో కౌన్సిలర్, అంటే పిల్లల మనసు తెలిసిన సలహాదారు, లేరు. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

తుపానైనా, తోటి విద్యార్థి మరణమైనా, కౌన్సిలర్ చేయవలసింది ఉపన్యాసం కాదు. వదంతులు పుట్టకముందే జరిగినదాన్ని పిల్లలకు సూటిగా తెలియజేయడం, మాట్లాడమని బలవంతపెట్టకుండా పక్కన కూర్చోవడం, గంట, ప్రార్థన, మధ్యాహ్న భోజనం వంటి రోజువారీ క్రమాన్ని త్వరగా నిలబెట్టడం, వారాలు గడిచినా నిద్ర, తిండి కుదుటపడని వారిని గుర్తించి, తల్లిదండ్రులతో మాట్లాడి వైద్యుని దగ్గరకు పంపడం కౌన్సిలర్ బాధ్యత. ఇళ్లు దెబ్బతిన్న ఉపాధ్యాయులకూ ఆ ఊరట అవసరమే.

కౌన్సిలర్ లేని బడులలో మానసిక సహాయానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ 14416, ఆపదలో ఉన్న పిల్లల కోసం చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లను అక్టోబరు తుపానులు రాకముందే నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించవలసిందిగా కోరుతున్నాను.