పైదాకా వెళ్లలేదమ్మా

స్ప్రింగ్‌డేల్, యూటా
ఆదివారం రాత్రి

అమ్మా,

ఫోన్లో చెబుదామంటే నాన్న స్పీకర్ పెట్టేస్తారు, పక్కన చిన్నత్తయ్య ఉంటుంది. అందుకే రాస్తున్నాను. ఆఫీసు సంగతి మామూలే, ప్రాజెక్టు ఇంకో ఏడాది పొడిగించారు. ఆ బెంగ వదిలేయ్.

తమ్ముడు చూపించిన ఫొటో గురించి. అంత కోప్పడాల్సిందేమీ లేదు. ఇక్కడ జయాన్ నేషనల్ పార్కులో ఏంజెల్స్ ల్యాండింగ్ అని ఒక కొండ. దాని మీద దేవదూత తప్ప ఎవరూ వాలలేరని 1916లో ఒక పాస్టరు అన్నాడట, ఆ పేరే ఉండిపోయింది. ఎవరు పడితే వాళ్లు ఎక్కడానికి లేదు. 2022 ఏప్రిల్ నుంచి పర్మిట్ ఉంటేనే పైకి వదులుతున్నారు, అదీ లాటరీలో. నా జన్మకు తగిలిన లాటరీ ఇదొక్కటే.

కింద నది దాటాక కాసేపు చల్లటి ఇరుకు లోయ, ఆ తర్వాత 21 మెలికల దారి. 1926లో రాళ్లు పేర్చి కట్టారట. అక్కడిదాకా ఆయాసమే తప్ప భయం లేదు, నువ్వు కూడా మెల్లగా ఎక్కేస్తావు. అసలు సంగతి ఆ పైన ఉంది. చివరి అర మైలు సన్నటి రాతి వెన్ను, కొన్నిచోట్ల రెండు పక్కలా ఏమీ ఉండదు. పట్టుకోవడానికి రాతికి దిగ్గొట్టిన గొలుసు ఉంటుంది.

నాన్నతో కొసదాకా వెళ్లానన్నాను కదా. వెళ్లలేదమ్మా.

ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ ఆ గొలుసు ఒక్కటే. ఎదురుపడితే ఎవరో ఒకరు వదలాలి. మొదట్లో రెండుసార్లు వదిలాను. మూడోసారి చెయ్యి రాలేదు. వదులుదామనే అనుకుంటున్నాను, వేళ్లు మాట వినడం లేదు. కింద నది దారప్పోగులా కనిపిస్తోంది. ఎదురుగా ఒక పెద్దావిడ, నీ వయసే ఉంటుంది. విసుక్కోలేదు. "నువ్వు పట్టుకునే ఉండు" అని తనే గొలుసు వదిలి, నా భుజం మీద చెయ్యి వేసి నన్ను దాటుకుని వెళ్లింది. ఆ తర్వాత నేనూ ఆవిడ వెనకే దిగిపోయాను.

మావాళ్లు తిరిగొచ్చేదాకా గొలుసులు మొదలయ్యే చోటే కూర్చున్నాను. నా బ్యాగు చుట్టూ చిన్న ఉడతలు తిరుగుతున్నాయి, వాటికేమీ పెట్టకూడదు. నువ్వు చూసిన ఫొటో ఎక్కడానికి ముందు అక్కడే తీసింది. నువ్వు గుర్తొచ్చి దిగానని మాత్రం అనుకోకు. భయమేసి దిగాను.

మరి అబద్ధం ఎందుకంటావు. ఆపరేషన్ అయ్యాక నాన్న గొంతు అంత హుషారుగా నేను వినలేదు. "పైదాకా వెళ్లుంటావులే, పిట్టగోడ మీద నడిచిన పిల్లవి" అన్నారు. ఆ పిట్టగోడకే కదా ఆ రోజు వీపు పగలగొట్టింది! ఊఁ అనేశాను. చెప్పాలో వద్దో నువ్వే చూడు. లేదు, చెప్పకు, వచ్చినప్పుడు నేనే చెబుతాను.

బీపీ మాత్ర రాత్రి మానేస్తున్నావట, తమ్ముడు చెప్పాడు. ఆ ఫొటో మాత్రం ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దని వాడికి గట్టిగా చెప్పు.

నీ
పెద్దది