బొటనవేలు అడ్డొచ్చిన ఫోటో

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి చిన్నబాబుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు కాస్త నయం. మేడ మీద ట్యాంకుకి కొత్త మూత వేయించాను. ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నా నాన్నా" అని పెట్టేస్తున్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్నైతే మధ్యలో పెట్టేయలేవు కదా.

ప్రత్యేకించి విషయం ఏమీ లేదు. మొన్న సీతమ్మధార పిన్ని వచ్చింది. వాళ్ళమ్మాయి ఫోన్లో నీ ఫోటో చూపించారు. 2024 జూలై 4న బ్రిటన్ పార్లమెంటు ఎన్నికలనాటిదట. లీసెస్టర్లో ఏదో చర్చి దగ్గర, పోలింగ్ బోర్డు పక్కన నవ్వుతూ నించున్నావు. చేతిలో పాస్‌పోర్టు. "అక్కడ ఓటేశాడంటే సిటిజన్‌షిప్ తీసేసుకున్నట్టే కదా బావగారూ" అంది పిన్ని. మీ అమ్మ ఆ రాత్రి మజ్జిగ తాగి పడుకుంది. నేను మామూలుగానే తిన్నాను.

పిన్నికి తెలిసింది తక్కువ, చెప్పేది ఎక్కువ. నేను విచారించాను. మనలాంటి కామన్వెల్త్ దేశాల వాళ్ళు బ్రిటన్లో చట్టప్రకారం ఉంటుంటే, సొంత పౌరసత్వం వదులుకోకుండానే అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటేయొచ్చట. 2023 నుంచి బూత్‌లో ఫోటో ఉన్న గుర్తింపు కార్డు అడుగుతున్నారట, మన పాస్‌పోర్టు దానికి చెల్లుతుందట. అంచేత నువ్వు చేసినదాంట్లో తప్పు లేదు. కాకపోతే ఆ ఫోటోని పెద్దది చేసి చూశాను. అట్ట ముదురు నీలం. మనదీ నీలమే. వాళ్ళూ 2020 నుంచి నీలానికే మారారట, ఆ బుద్ధి అప్పుడే పుట్టాలా! ముద్ర ఉండాల్సిన చోట సరిగ్గా నీ బొటనవేలు. కింద ఉన్నవి మన సింహాలో వాళ్ళ కొమ్ముగుర్రమో తేలలేదు. అడగడం లేదు, చూసిన సంగతి చెబుతున్నానంతే.

టెక్సాస్‌లో ఉన్న బుజ్జికి మాత్రం నువ్వే ఫోన్ చేసి చెప్పు. అక్కడ పౌరులు కానివాళ్ళు దేశ ఎన్నికల్లో ఓటేస్తే నేరం, 1996 నుంచి చట్టమే ఉంది. లైసెన్సు ఆఫీసులో ఇచ్చే కాగితంలోనే ఓటరుగా చేరతారా అనీ ఉంటుంది, చదవకుండా అన్నిటికీ టిక్కులు కొట్టేసే రకం అది. చిన్నప్పుడు రేషన్ కార్డు దరఖాస్తు మీద ఏం చేసిందో నీకు గుర్తే.

మన పండుగాడి భాగోతం నీకు ఎవరైనా చెప్పారా? 2024 మే 13న ఇక్కడ అసెంబ్లీకీ పార్లమెంటుకీ కలిపి పోలింగ్. వాడు కువైట్ నుంచి దాని కోసమే దిగాడు. ముందు విజయనగరంలో అత్తారింటికి వెళ్ళి, పొద్దున్నే గాజువాక వచ్చి లైన్లో నించున్నాడు. జేబులో ఆధార్ ఉంది, పాత ఓటరు కార్డు ఉంది. లోపలికి వెళ్తే, "మీ పేరు ప్రవాసుల కింద ఉందండీ, ఒరిజినల్ పాస్‌పోర్టు చూపిస్తేనే" అన్నారు. పాస్‌పోర్టేమో అత్తారింటి బీరువాలో. బావమరిదికి ఫోన్ కొడితే వాడు ఆ ఎండలో బండేసుకుని వచ్చాడు. ఇద్దరూ బడి వేపచెట్టు కింద కవరు విప్పి చూస్తే అందులో ఉన్నది పండుగాడి పెళ్ళాం పాస్‌పోర్టు! బావమరిది చెట్టు కిందే కూలబడ్డాడు, ఇక కదలనన్నాడు. ఆఖరికి ఆ పిల్లే అసలుది పట్టుకుని కారు కట్టించుకుని బయల్దేరింది. ఆరు కొట్టేసరికి గేటు వేసేస్తూ, లైన్లో ఉన్నవాళ్ళకి చీటీలిచ్చారు. చీటీ పట్టుకుని వీడు నించునే ఉన్నాడు. పాస్‌పోర్టు చీకటి పడ్డాక వచ్చింది, వేశాడు. "ఇంత పడి ఎవరికి వేశావురా" అంటే మాత్రం చెప్పడు వెధవ.

నవ్వులాట కాదు. ఆ ఎన్నికల్లో విదేశాల నుంచి ఓటర్లుగా నమోదైనవాళ్ళు 1,19,374 మంది, వచ్చి వేసినవాళ్ళు 2,958. అందులో 2,670 మంది కేరళవాళ్ళే. మిగతా దేశమంతా కలిపి 288 మంది, ఆ లెక్కలో మనవాడొకడు. 2010లో చట్టం సవరించి మీకు ఓటిచ్చారు గానీ, అది వేయడానికి విమానం ఎక్కి రావాల్సిందే. ఎదురింటి నేవీ కుర్రాడికైతే ఎక్కడున్నా బ్యాలెట్ వెళ్తుంది. మీ తరఫున ఇంకొకరు వేసేలా 2018లో లోక్‌సభ బిల్లు పాస్ చేసింది, రాజ్యసభలో పాస్ కాకుండానే 2019లో మురిగిపోయింది. అక్కడ ఉంటూ అక్కడి ఓటు నడిచి వెళ్ళి వేస్తావు, ఇక్కడిదానికి టికెట్టు డబ్బులు పెట్టుకోవాలి. ఏం చెప్పమంటావు?

నీ జీవితం నీది, ఉపన్యాసం ఇవ్వను. కానీ వేరే దేశం పౌరసత్వం తీసుకున్న మరుక్షణం మనది పోతుంది, 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షనే ఆ మాట అంటుంది. తరవాత, విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుతో ఇల్లు కొనుక్కోవచ్చు, ఓటు మాత్రం రాదు. అక్కడ స్థిరనివాసానికి అయిదేళ్ళ గడువుని పదేళ్ళు చేస్తామని 2025 మేలో చెప్పారని చదివాను. దానికి కంగారుపడి ఏమైనా తొందరపడ్డావేమోనని... ఫోటో నాటి సంగతి వదిలేయ్, ఆ తరవాత సంగతే నేననేది.

ఓటర్ల జాబితా చూసే బీఎల్వో మేడం మొన్న వచ్చి ఇంట్లో ఎవరెవరున్నారని రాసుకుంది. నీ పేరు దగ్గర కలం ఆపి, "బాబు ఇక్కడ ఉండట్లేదు కదండీ" అంది. వస్తాడులెండి అన్నాను. ఇక్కడ కాపురం లేనివాళ్ళ పేరు మామూలు జాబితాలో ఉంచకూడదట. ప్రవాసులకి ఫారం 6ఏ వేరే ఉంది, ఆన్‌లైన్లోనే పెట్టొచ్చు, పాస్‌పోర్టులో ఉన్న మన ఇంటి అడ్రసు మీదే ఇస్తారు. మా వాకింగ్ బ్యాచ్‌లో రిటైరైన డిప్యూటీ తహసీల్దారు గారు దగ్గరుండి చూస్తానన్నారు.

ఆవకాయ సీసాకి అమ్మ గుడ్డ కట్టి ఉంచింది, ఎవరు వస్తున్నారో చెబితే పంపుతాం. రాత్రిపూట బ్రెడ్డు తిని పడుకోకు. హీటర్ దగ్గర తడి బట్టలు ఆరేయకు. ఫారంకి పాస్‌పోర్టు పేజీల కాపీలు, వీసా పేజీ జత చెయ్యాలట. అవి తీసినప్పుడు నాకూ వాట్సాప్‌లో ఒకటి పెట్టు, ఫైల్లో ఉంచుతాను. అట్ట కూడా తియ్యి. కొత్త ఫోటో కూడా కావాలట, ఆ గడ్డం గీయించుకుని తీయించుకో.

ఇట్లు,
నాన్న