గాట్ల తోలుకు ఒలిచేవాడొక్కడే బాధ్యుడా?

సంపాదకులకు నమస్కారం.

చెన్నై పెరియమేట తోళ్ల మండీల్లో పచ్చి తోళ్ల ధర తగ్గించేటప్పుడు ముందుగా వినిపించే మాట ‘గాట్లు’, అంటే ఒలిచేటప్పుడు తోలుకు పడే కత్తి కోతలు. చాలాసార్లు అది నిజమే. అయితే నింద మొత్తం ఒలిచేవాడి మీద వేస్తే సరిపోదు.

మేకకు, గొర్రెకు కత్తి పని కాళ్ల దగ్గర, పొట్ట నడిమి గీత మీద మాత్రమే. మిగతాదంతా పిడికిలితో నెట్టి విడదీయాలి. కళేబరం చల్లారితే తోలు కింది పొర బిగుసుకుంటుంది, ఇక కత్తి తప్పదు. ఎద్దు, గేదె లాంటి పెద్ద పశువు తోలుకు మొన వంపు తిరిగిన కత్తి కావాలి. తోలును బిగుతుగా లాగి పట్టి పొడవాటి కోతలు వేయాలి. కూరగాయల కత్తి లాంటిది చేతికిచ్చి, తోలుకింత అని కూలి కడితే జరిగేది తొందరే. సగం లోతు గాటు అప్పటికి కనబడదు. తర్వాత తోలు శుద్ధిలో సున్నం పెట్టి, మాంసం గీకి, మందం తగ్గించేటప్పుడు చిల్లై బయటపడుతుంది.

ఉప్పు సంగతి కూడా అంతే. తోలు బరువులో 40 నుంచి 50 శాతం ఉప్పును, వేడి ఆరిన వెంటనే మాంసం వైపు అంచుల దాకా రుద్దాలి. చెన్నై ఎండలో కొన్ని గంటలు ఆలస్యమైతే వెంట్రుకలు ఊడతాయి. వాడిన ఉప్పునే మళ్లీ చల్లితే ఎర్రమచ్చలు పడతాయి. పిసినారితనం ఇక్కడ పనికిరాదు.

కబేళాల్లో వంపు కత్తులు, సానరాళ్లు ఇప్పించాలి. గాటు లేని తోలుకు కూలి పెంచాలి.

— తోలు ఒలిచే పనివారు, చెన్నై