ఎనిమిదో తారీఖు గొడవ

నల్లగొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం చేరి పది రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు తిట్టదలిస్తే ఎనిమిదో తారీఖును తిట్టు.

నాన్న బత్తాయి తోట లెక్కలు ఇంటి కంప్యూటర్‌లోకి ఎక్కించానని చెప్పాను కదా. రోజూ రాత్రి ఆ ఫైళ్లను ఇంకో డిస్కులోకి కాపీ చేయడానికి ఒక బ్యాచ్ ఫైలు (విండోస్ వరుసగా అమలుచేసే ఆదేశాల జాబితా) రాశాను. అది ఈ రోజు తారీఖులోంచి ఒకటి తీసేసి నిన్నటి ఫోల్డరు వెతుకుతుంది. వారం రోజులు బుద్ధిగా నడిచింది. ఎనిమిదిన మొరాయించింది, తొమ్మిదిన కూడా అంతే. పదిన నేను వేలైనా పెట్టకుండానే మళ్లీ నడిచింది! నాన్న కరెంటు ఓల్టేజీని అనుమానించారు. నేను డిస్కును అనుమానించి రెండు రాత్రులు పాడుచేసుకున్నాను.

అసలు దోషి 08లో ఉన్న ఆ ముందు సున్నా. విండోస్‌లో లెక్కలు చేసే 'సెట్ స్లాష్ ఎ' ఆదేశం, సున్నాతో మొదలైన సంఖ్యను అష్టాంశ పద్ధతిలో రాసిందిగా చదువుతుంది. ఆ పద్ధతిలో ఉన్నవి 0 నుంచి 7 వరకు అంకెలే. 07 దాకా ఇబ్బంది లేదు, 08, 09 మాత్రం దాని లెక్కలో సంఖ్యలే కావు. మందు వింటే నవ్వుతావు: ముందు ఒకటి తగిలించి 108 చేయాలి, తర్వాత 100 తీసేయాలి. ఒకటో తారీఖున ఏమవుతుందని మాత్రం అడగకు, దానికి వేరే అతుకు వేశాను.

ఇంకో తమాషా. కాపీ అయిన ఫైళ్లను లెక్కపెట్టమన్నాను. 43 ఫైళ్లు వెళ్లాయి, తెరమీద ప్రతిసారీ సున్నాయే! తోటలో అడుగుపెట్టకముందే చీటీలో 'బస్తాలు సున్నా' అని రాసుకుని, ఎన్ని బస్తాలు ఎత్తినా ఆ చీటీనే చదివే గుమాస్తాను ఊహించుకో. విండోస్ కూడా అంతే: ఫైలులో బ్రాకెట్ల మధ్య ఉన్న ఆదేశాలన్నీ ఒకేసారి చదివి, శాతం గుర్తుల మధ్య లెక్క పేరున్నచోట అప్పటి విలువ నింపేసి, ఆ తర్వాతే పని మొదలుపెడుతుందట. విలువను ఆలస్యంగా నింపమని పైన ఒక వరుస రాసి, శాతం గుర్తుల బదులు ఆశ్చర్యార్థకాలు పెట్టాక దారికొచ్చింది. ఆశ్చర్యం నాదైతే గుర్తులు దానికి!

నీ కంప్యూటర్‌లో తారీఖుకు ముందు వారం పేరు వస్తుందన్నావు. నా ఫైలు మొదటి రెండు అక్షరాలనే రోజు అనుకుంటుంది, కాబట్టి నీ దగ్గర దాన్ని ఉన్నదున్నట్టు నడపకు. దసరాకు వస్తావుగా, కూర్చుని సరిచేద్దాం. బత్తాయిలు తీసి ఉంచుతాను.

నీ
పాత బెంచీ మిత్రుడు